రాతి దుమ్ము ఊపిరితిత్తులతో ఆగదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తాడిపత్రి. మా ఇంటాయనకు 44 ఏండ్లు. పద్దెనిమిదేండ్లుగా బండల ఫ్యాక్టరీలోనే పని. మొదట నాపరాళ్ళ పాలిష్ చేసేవాడు, ఇప్పుడు గ్రానైట్ కటింగ్, చేతి గ్రైండర్ పని. ఆరు నెలలుగా పొద్దున లేస్తూనే వేళ్ళు ముడుచుకోవు, గంటసేపు టీ గ్లాసు కూడా గట్టిగా పట్టుకోలేడు. రక్త పరీక్ష చేయిస్తే, కీళ్ళవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని వచ్చింది. "దుమ్ముతో దగ్గు వస్తుంది గానీ కీళ్ళ నొప్పులు ఎట్లా వస్తాయి? అదంతా నీళ్ళలో ఫ్లోరైడ్" అంటాడు మా మరిది. తెలిసినాయన ఒకరు ఒంట్లో లోహాలు చేరి ఇమ్యూనిటీ పడిపోయిందని, వేలు ఖర్చయ్యే హెవీ మెటల్ ప్యాకేజీ టెస్టు చేయించమని చెప్పి, భస్మం పొట్లాలు, తిప్పతీగ టానిక్ ఇచ్చాడు. ఇంకా మొదలుపెట్టలేదు. నాకేమో గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు రసి కారుతున్నాయి. ఇద్దరికీ ఇమ్యూనిటీ తగ్గిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ఆ పొట్లాలు విప్పలేదు కదా, మంచి పని చేశారు. విప్పొద్దు. ఎందుకో కింద రాస్తాను.

మీ ఇద్దరి బాధలకూ ఇమ్యూనిటీ తగ్గడం కారణం కాదు. ఇద్దరిలోనూ అది పని చేయకూడని చోట పని చేస్తోంది. మీ చెవుల దగ్గర కమ్మలోని లోహాన్ని శత్రువుగా లెక్కేసుకుంది. మీవారిలో సొంత కీళ్ళ మీదికే తిరిగినట్టుంది. టీవీ ప్రకటనల పుణ్యమా అని ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. కాపలాకు పెట్టుకున్న కుక్క ఇంటివాళ్ళనే కరుస్తుంటే, దానికి ఇంకాస్త బలమైన తిండి పెట్టమని ఎవరైనా చెప్తారా?

ఇక మీ మరిది మాట. దుమ్ముకూ కీళ్ళకూ సంబంధం లేదనడం తప్పు. ఫ్లోరైడ్‌ను అనుమానించడం మాత్రం తప్పు కాదు, మన జిల్లాలో అది ఎవరికైనా వచ్చే అనుమానమే.

రాతి దుమ్ములో కంటికి కనిపించేది, పని దిగి ఇంటికొచ్చేసరికి మీవారి కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుని ఉండేది, అంత ప్రమాదం కాదు. అందులో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. చీదితే, ఉమ్మితే పోతుంది. ప్రాణం తీసేది కంటికి కనిపించని నూగు. మిల్లీమీటరును 250 భాగాలు చేస్తే అందులో ఒక భాగం కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా పోతాయి. అక్కడ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు ఉంటాయి. క్రిమి వస్తే మింగి అరిగించుకోవడం వాటి పని. రాతిలోని క్వార్ట్జ్‌ను, అంటే స్ఫటిక రూపంలో ఉన్న సిలికాను కూడా అవి అలాగే మింగుతాయి. అది అరగదు. పైగా కణం లోపలున్న అరుగుదల సంచిని చీల్చేస్తుంది. కణం ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలు వదిలి చుట్టుపక్కల కణాలను పిలుస్తుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది. రేణువు మాత్రం చెక్కు చెదరకుండా బయటపడుతుంది. దాన్ని ఇంకో కణం మింగుతుంది, మళ్ళీ అదే కథ. ఈ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పేరు సిలికోసిస్. పని మానేసిన ఏళ్ళ తర్వాత కూడా అది ముదరడానికి కారణం ఇదే. దుమ్ము పీల్చడం ఆగినా లోపల చేరిన దుమ్ము తన పని ఆపదు.

ఇంత రభసలో చచ్చిన కణాల లోపలి సరుకంతా బయటపడుతుంది. ఊపిరితిత్తుల్లోని మామూలు ప్రొటీన్లు కొన్ని రసాయనికంగా మారిపోతాయి. అలా మారినవాటిని రక్షణ వ్యవస్థ పరాయివనుకుని వాటి మీదికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. యాంటీ సీసీపీ అనే రక్త పరీక్ష పట్టుకునేది ఈ యాంటీబాడీలనే. చాలామందిలో కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీళ్ళలో కాకుండా ఊపిరితిత్తుల్లో మొదలవుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగానే అనుకుంటున్నారు. మీవారు బీడీ కాలుస్తారో లేదో మీరు రాయలేదు. కాలిస్తే అది ఈ రోజే మానాలి. స్వీడన్‌లో జరిగిన పరిశీలనల్లో సిలికా దుమ్ము ఒక్కటే ఉన్నవాళ్ళకంటే, పొగ ఒక్కటే ఉన్నవాళ్ళకంటే, రెండూ కలిసినవాళ్ళలో ఈ రకం కీళ్ళవాతం చాలా ఎక్కువగా కనిపించింది.

ఇదేమీ నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1914లోనే ఎడిన్‌బరోలో బైరమ్ బ్రామ్‌వెల్ అనే డాక్టర్, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా జబ్బు రాళ్ళు చెక్కే పనివాళ్ళలో కనబడుతోందని రాశాడు. 1953లో ఆంథొనీ కాప్లన్ వేల్స్ బొగ్గు గనుల కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ, కీళ్ళవాతం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గుండ్రటి గడ్డలు గమనించాడు. ఆ జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో ఎరాస్మస్ అనే డాక్టర్ మళ్ళీ స్క్లెరోడెర్మానే చూశాడు. అయినా నూరేళ్ళ తర్వాత మన ఓపీలో రోగిని "నువ్వు ఏం పని చేస్తావు?" అని అడిగే డాక్టర్లు తక్కువే. 1700 ప్రాంతంలోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని ప్రతి రోగినీ ఈ ప్రశ్న అడగాలని చెప్పి పోయాడు. మిమ్మల్ని అడగకపోతే మీరే చెప్పండి. ఎన్నేళ్ళు, ఏ రాయి, పొడి కటింగా నీళ్ళ కటింగా, ఈ మూడూ చెప్పాలి.

ఏ రాయి అన్నది ఎందుకంటే అన్ని దుమ్ములూ ఒకటి కావు. మన నాపరాళ్ళు, కడప నల్లబండలు సున్నపురాయి జాతివి. వాటిలో క్వార్ట్జ్ ఉంటుంది గానీ గ్రానైట్‌తో పోలిస్తే తక్కువ. అసలు గ్రానైట్‌లో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే క్వార్ట్జ్ ఉంటుంది. నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే కొన్ని రాళ్ళలో బాగా తక్కువ. వంటింటి గట్లకు ఈ మధ్య ఫ్యాషనైన కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లోనైతే చాలావాటిలో 90 శాతం దాటుతుంది. ఆ పలకలు కోసే కుర్రవాళ్ళు కొద్ది ఏళ్ళకే జబ్బుపడటం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. మీవారు నాపరాయి నుంచి గ్రానైట్‌కు మారారు. మారాక కూలీ పెరిగి ఉండొచ్చు, దాంతోపాటు లోపలికి పోయే సిలికా కూడా పెరిగింది. చేతి గ్రైండర్‌తో అంచులు పొడిగా కోసే పనైతే మరీను.

ఇంకో మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సిలికా చంపేది క్షయ క్రిమిని పట్టుకోవాల్సిన మాక్రోఫేజ్‌లనే. అందుకే సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఒకే దుమ్ము ఒక పక్క రక్షణ వ్యవస్థను కీళ్ళ మీదికి ఎగదోస్తుంది, ఇంకో పక్క టీబీ ముందు చేతులు కట్టేస్తుంది. ఇమ్యూనిటీ పెరిగిందా తగ్గిందా అని అడిగితే నేను రెండూ అనే చెప్పాలి. ఇలాంటి పరిస్థితికి టానిక్ ఎక్కడుంది చెప్పండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అన్న ఒక్క కాగితంతో కీళ్ళవాతం ఖాయమైపోదు. దుమ్ములో పనిచేసేవాళ్ళలో, టీబీ ఉన్నవాళ్ళలో కూడా అది పాజిటివ్ రావచ్చు. అయితే మీరు రాసిన లక్షణం, పొద్దున్నే గంటసేపు వేళ్ళు బిగుసుకుపోవడం, కీళ్ళవాతానికి సరిగ్గా సరిపోతుంది. యాంటీ సీసీపీ, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు, చేతుల ఎక్స్‌రే, ఛాతీ ఎక్స్‌రే చేయించి కీళ్ళవాతం చూసే డాక్టర్‌కు, అంటే రుమటాలజిస్ట్‌కు చూపించండి. దగ్గర్లో లేకపోతే అనంతపురం లేదా కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగానికి వెళ్ళండి. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఏ ఒక్కటి ఉన్నా కళ్ళె పరీక్ష చేయించండి. కళ్ళెలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. సిలికోసిస్ ఎక్స్‌రే కూడా పైపైన చూస్తే టీబీ లాగే ఉంటుంది. కళ్ళెలో క్రిమి దొరక్కుండానే రెండుసార్లు మూడుసార్లు టీబీ కోర్సు వాడిన రాతిపనివాళ్ళు ఎంతోమంది. అందుకే పని గురించి చెప్పమన్నాను.

ఒక చిన్న విషయం కూడా గమనించండి. చల్లటి పొద్దుల్లో, చన్నీళ్ళు తగిలినప్పుడు మీవారి వేళ్ళు తెల్లబడి, తర్వాత నీలంగా మారుతున్నాయా? గ్రైండర్ అదురు వల్ల కూడా అలా కావచ్చు, స్క్లెరోడెర్మాకు తొలి గుర్తు కూడా కావచ్చు. ఉంటే ఫోన్‌లో ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. ఓపీకి వెళ్ళే సమయానికి వేళ్ళు మామూలైపోతాయి మరి.

కీళ్ళవాతమే అని తేలితే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ మందు మొదలుపెట్టే ముందే ఊపిరితిత్తుల పరిస్థితి డాక్టర్‌కు తెలియాలి. టీబీ లేదని తేలకముందే ఊళ్ళో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మింగితే మాత్రం కొరివితో తల గోక్కోవడమే. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, లోపల టీబీ లేచి కూర్చుంటుంది.

ఫ్లోరైడ్ విషయానికి వస్తే, అది లోహమూ కాదు, దాని ప్రధాన దెబ్బ ఇమ్యూనిటీ మీదా కాదు. అది ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. మన జిల్లాలో ఈ బాధ ఎంత పాతదో చెప్పనక్కర్లేదు, 1990లలో పుట్టపర్తి నుంచి సత్యసాయి ట్రస్టు వందల పల్లెలకు మంచినీళ్ళు తెప్పించింది కూడా ఇందుకే. ఫ్లోరోసిస్‌లో ముందు నడుము, మెడ బిగుసుకుంటాయి. వంగి పాదాలు అందుకోలేరు, తల తిప్పాలంటే మనిషే తిరగాలి. కీళ్ళవాతంలో రెండు చేతుల్లోనూ ఒకేలా వేళ్ళ మొదటి కణుపులు, మణికట్టు మెత్తగా వాస్తాయి. బోరు నీళ్ళు తాగుతున్నట్లయితే ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పరవాలేదు, 1.5 దాటితే తాగకూడదు. కాచి తాగితే పోతుందనుకోవద్దు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

హెవీ మెటల్ ప్యాకేజీకి డబ్బు పెట్టొద్దు. మీవారిని పట్టిన సిలికా లోహం కాదు, ఏ రక్త పరీక్షలోనూ దొరకదు. పాత బ్యాటరీలు కరిగించేచోట పనిచేసేవాళ్ళకు రక్తంలో సీసం పరీక్ష అవసరం, దానికి అర్థముంది. మీకు అలాంటి పని లేదు. ఇరవై లోహాల పట్టీ ఇస్తే ఏదో ఒకటి హద్దు దాటినట్టు ఎర్ర అక్షరాల్లో కనబడుతుంది. పరీక్షకు ముందు చేపలు తిన్నా మూత్రంలో ఆర్సెనిక్ పెరిగినట్టు చూపిస్తుంది, అది హాని చేసే రకం కాకపోయినా సరే. ఆ ఎర్ర అక్షరం చూపించి డిటాక్స్ పేరుతో సెలైన్లు ఎక్కిస్తామనేవాళ్ళ దగ్గరికి అసలే పోవద్దు.

ఇప్పుడు పొట్లాలు. ఒంట్లో లోహాలు ఎక్కువయ్యాయని భయపెట్టిన మనిషే లోహభస్మం చేతిలో పెట్టాడు చూశారా! రససింధూరం లాంటివి పాదరసంతోనే చేస్తారు. పాదరసం రక్షణ వ్యవస్థను తప్పుదారి పట్టించడంలో దిట్ట. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పొర మీద యాంటీబాడీలు చేరి, మూత్రంలో ప్రొటీన్ కారిపోయే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుంది. అందులో నెల్-1 అనే ఒక రకం సంప్రదాయ మందులు వాడినవాళ్ళలో కనబడుతోందని, ఆ మందుల్లో పాదరసం ఉందని మన దేశపు కిడ్నీ డాక్టర్లు 2022లో ప్రకటించారు. మందు ఆపేస్తే చాలామందికి తగ్గింది. ఆ తర్వాత కేరళ డాక్టర్లు ఇదే జబ్బును ముఖం తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్ళలో చూశారు. అక్కడా పాదరసమే.

నేను ఆయుర్వేదానికి శత్రువును కాదు. చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ పేరు, మోతాదు రాసి మందు చీటీ ఇస్తే అది ఒక పద్ధతి. పేరు లేని పొట్లం వేరు. ఈ పొట్లాల్లో కొన్ని వారం తిరక్కుండానే నొప్పి లాగేసినట్టు చేస్తాయి. అప్పుడు భస్మం గొప్పదనుకోవద్దు, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. తిప్పతీగ టానిక్ కూడా పక్కన పెట్టండి. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ వాడి, రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే పడినట్టుండే హెపటైటిస్‌తో వచ్చినవాళ్ళ గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. అసలే రక్షణ వ్యవస్థ కీళ్ళ మీద పడి ఉన్న మనిషికి తిప్పతీగ వాడటం ఏ లెక్కనా మంచిది కాదు. పొట్లాలు పారేయకుండా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళి చూపించండి.

పని మానేయమని నేను తేలిగ్గా రాసేయొచ్చు, ఇల్లు గడవాల్సింది మీకు. ఎక్స్‌రేలో సిలికోసిస్ కనబడితే మాత్రం దుమ్ము పని వదలక తప్పదు, అక్కడ బేరం లేదు. కనబడకపోతే, పొడి గ్రైండర్ నుంచి నీళ్ళు పడే పాలిష్ మెషీన్‌కో, లోడింగ్ లెక్కలకో మార్చమని అడగండి. ముఖానికి కట్టుకునే తువ్వాలు సన్న దుమ్మును ఆపదు. ఎన్95 ఆపుతుంది, కానీ ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది, చెమటకు తడిస్తే మార్చాలి. మాస్కు కంటే వంద రెట్లు మేలైనది బ్లేడు మీద ఆగకుండా నీళ్ళు పడటం. ఆ నీళ్ళతో వచ్చిన బురద నేల మీదే ఎండిపోతే మళ్ళీ దుమ్మే, పొడి చీపురుతో ఊడిస్తే పొద్దున కష్టపడి తడిపినదంతా సాయంత్రం ముక్కుల్లోకి పోతుంది. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు చాలా ఫ్యాక్టరీల్లో ఉంది, మీవారికి ఉంటే మాన్పించండి. ఫ్యాక్టరీలోనే స్నానం చేసి బట్టలు మార్చుకునే వీలుంటే మంచిది. లేకపోతే ఇంట్లో ఆ బట్టలు విదిలించకుండా నేరుగా నీళ్ళ బకెట్‌లో వేసి, పిల్లల బట్టలతో కలపకుండా ఉతకండి. సిలికోసిస్‌ను మన కార్మిక చట్టాలు ఎప్పటినుంచో వృత్తి రోగంగా గుర్తించాయి. ఈఎస్ఐ కార్డు ఉంటే బయట పెట్టుకోండి, పనికొస్తుంది. లేకపోతే ఎన్నేళ్ళుగా ఎక్కడెక్కడ పని చేశారో తెలిపే జీతం చీటీలు, గుర్తింపు కార్డులు ఏవున్నా ఒక సంచిలో పెట్టండి.

మీ చెవుల సంగతి దీనంత పెద్దది కాదు. గిల్టు నగల్లో ఉండే నికెల్ చెమటకు కొంచెం కొంచెం కరుగుతుంది, మన ఎండలకు మరీ ఎక్కువ. చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. రక్షణ వ్యవస్థలోని టీ కణాలు ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటే దాదాపు జీవితాంతం మరిచిపోవు. పెట్టుకున్న రోజు ఏమీ కాదు, ఒకటి రెండు రోజులకు దురద, రసి మొదలవుతాయి. అందుకే చాలామంది కమ్మలను వదిలేసి ఆ రోజు తిన్న వంకాయను తిట్టుకుంటారు. కడప వైపు సిమెంటు పని చేసే మేస్త్రీల చేతులు పగిలి దురద పెట్టేదీ ఇలాంటి కథే, అక్కడ దోషి క్రోమియం. ఇది ఇమ్యూనిటీ లోపమూ కాదు, పక్కవాళ్ళకు అంటుకునేదీ కాదు. అనుమానం తీరాలంటే చర్మ విభాగంలో వీపు మీద అతికించి 48 గంటల తర్వాత చూసే ప్యాచ్ టెస్ట్ ఉంది. మీ వర్ణన చూస్తే అది లేకుండానే చెప్పొచ్చు.

కమ్మలు తీసేయండి. రసి తగ్గేదాకా ఏమీ పెట్టొద్దు, పసుపు, కొబ్బరినూనె కూడా వద్దు. వాపు, చీము ఉంటే డాక్టర్‌కు చూపించి పూతమందు రాయించుకోండి. మానాక చెవి పూడిపోతుందని భయమైతే శుభ్రమైన ప్లాస్టిక్ పుల్లలు దొరుకుతాయి, అవి పెట్టుకోండి. తర్వాత చిన్నవైనా 22 క్యారెట్ల బంగారు దిద్దులు మేలు. తెల్ల బంగారం అని అమ్మేదాంట్లో నికెల్ కలిసి ఉండొచ్చు, అడిగి కొనండి. ఆడపిల్లలుంటే వాళ్ళ చెవులు గిల్టు పోగులతో కుట్టించొద్దు, కంసాలి బంగారు తీగతో కుట్టే పాత పద్ధతే నయం. పిన్నీసులు, గిల్టు గొలుసు కొక్కెం, వాచీ వెనక బిళ్ళ తగిలిన చోట కూడా దద్దు వస్తోందేమో చూసుకోండి. వెండి మెట్టెలతో బాధ లేకపోతే వాటిని తీయనక్కర్లేదు.